మెషిన్ మీద కచ్చా కుట్టు: ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి, ఎలా విప్పాలి

పట్టు బ్లౌజ్‌లో లైనింగ్ ఉబ్బింది, జిప్పు వంకర పోయింది, పోచంపల్లి డిజైన్ పక్క కుట్టు దగ్గర కలవలేదు. ఈ మూడు ఫిర్యాదులకీ చాలాసార్లు కారణం ఒక్కటే. గుండుసూదులు గుచ్చి, వాటిమీద భరోసాతో నేరుగా అసలు కుట్టు వేసేయడం. గుండుసూది గుడ్డను ఒక్కచోటే పట్టుకుంటుంది. ఒక సూదికీ ఇంకో సూదికీ మధ్య పై పొర మెల్లగా జరుగుతూనే ఉంటుంది. కచ్చా కుట్టు, అంటే అసలు కుట్టుకు ముందు తాత్కాలికంగా వేసే పొడుగు కుట్టు, ఆ చివర నుంచి ఈ చివర దాకా గుడ్డను కదలనివ్వదు. చేత్తో వేయడానికి ఓపికా తీరికా లేకపోతే మెషిన్ మీద వేయండి, చాలా గుడ్డలకు అది సరిపోతుంది.

ఒకటి మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. ఈ కుట్టు విప్పడానికే వేస్తున్నాం. కాబట్టి సూదిలో దారం ఎక్కించేముందే, ఏ దారం ఎటునుంచి లాగితే ఊడి వస్తుందో తేల్చుకోవాలి. కింద చెప్పే సెట్టింగులన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

మెషిన్‌ను సిద్ధం చేయడం

మామూలు కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి సుమారు 10 కుట్లు. కచ్చా కుట్టుకు 4 మిల్లీమీటర్లు పెట్టండి, అంగుళానికి 6 కుట్లు పడతాయి. ఇంట్లో వాడే మెషిన్లలో ఎక్కువ భాగం 4 దగ్గరే ఆగుతాయి, కొన్ని 5 దాకా వెళ్తాయి. పాత తరహా నల్ల ఇనప మెషిన్‌లో కుడివైపు స్తంభం మీదున్న లివర్‌ను కిందికి దింపేకొద్దీ ముందుకు పడే కుట్టు పొడుగవుతుంది. పాత మెషిన్ల పట్టీ మీద కొన్నిటికి అంగుళానికి పడే కుట్ల లెక్క రాసి ఉంటుంది. అలాంటిదైతే అంకె తగ్గేకొద్దీ కుట్టు పొడుగు. అనుమానంగా ఉంటే చిత్తు గుడ్డ మీద కుట్టి, టేపు పెట్టి అంగుళంలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి.

తర్వాత పై దారం టెన్షన్, అంటే దారం బిగువు. అంకెలున్న డయల్ అయితే మామూలుగా 4 దగ్గర ఉంటుంది, దాన్ని 2కి తగ్గించండి. నల్ల మెషిన్‌కి అంకెలు లేకపోతే టెన్షన్ నట్టును ఎడమకు అర చుట్టు తిప్పండి, చాలకపోతే ఇంకో పావు. తిప్పేముందు నట్టు మీదా దాని పక్కనా గోళ్ళ రంగుతో ఒకదానికెదురుగా ఒకటి రెండు చుక్కలు పెట్టుకుంటే మళ్ళీ అసలు చోటికి తేవడం తేలిక. కింది దారపు చుట్ట ఉండే బాబిన్ కేసుకున్న చిన్న స్క్రూ జోలికి మాత్రం వెళ్ళకండి. అది ఒకసారి కదిలిందంటే ఆ రోజు పనంతా దాన్ని సరిచేయడానికే పోతుంది.

పై టెన్షన్ ఎందుకు తగ్గించాలి? పై దారం వదులైతే బాబిన్ దారం దాన్ని కిందికి లాగేస్తుంది. గుడ్డ అడుగున బాబిన్ దారం గీత గీసినట్టు తిన్నగా పడుకుని ఉంటుంది, పై దారం దాని చుట్టూ చిన్న చిన్న ఉచ్చుల్లా వస్తుంది. విప్పేటప్పుడు ఆ తిన్నటి దారం కొస పట్టుకుని లాగితే సర్రున వచ్చేస్తుంది, పై దారం దానంతట అదే రాలిపోతుంది. రెండు టెన్షన్లూ సమానంగా ఉంటే ముడి గుడ్డ మధ్యలో బిగుసుకుంటుంది. అప్పుడు ఒక్కో కుట్టునూ తెంపుకుంటూ కూర్చోవాలి.

బాబిన్‌లో వేరే రంగు దారం వేయడం ఇందుకే. లాగాల్సిన దారం ఏదో కంటికి వెంటనే కనబడాలి. అయితే తెల్ల గుడ్డ మీదా లేత పట్టు మీదా ఎరుపు, మెరూన్, ముదురు నీలం దారాలు వద్దు. ఆవిరి ఇస్త్రీ తగిలితే చవక దారం రంగు దిగుతుంది, ఆ మరక పట్టు మీద నుంచి పోదు. లేత పసుపు, లేత నీలం చాలు.

దారం నూలుదే తీసుకోండి, సన్నగా ఉండాలి. గట్టి పాలియెస్టర్ దారం లాగేటప్పుడు తెగదు, దానికి బదులు గుడ్డే చిరుగుతుంది. కచ్చా దారం ముందు తెగాలి, గుడ్డ నిలవాలి. టైలర్లు చేత్తో కచ్చా వేయడానికి వాడే లావుపాటి, పురి తక్కువున్న తెల్ల దారం వేరు. దాన్ని మెషిన్‌లో పెట్టకండి, టెన్షన్ బిళ్ళల మధ్య నూగు చేరి దారం తెగుతూనే ఉంటుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో గానీ కోఠి దగ్గర సుల్తాన్ బజార్‌లో గానీ టైలరింగ్ సామాను కొట్లో అడిగేటప్పుడు 'మెషిన్‌లో వేసే సన్న నూలు దారం' అని విడిగా చెప్పండి. కచ్చా దారం అని మాత్రమే అడిగితే ఆ లావుదే చేతికిస్తారు.

సూది సంగతిలో పొదుపు పనికిరాదు. జార్జెట్, షిఫాన్, పల్చటి పట్టుకి 9 లేదా 11 నంబరు. మామూలు పట్టుకీ టూ బై టూ లాంటి సన్న కాటన్‌కీ 11. కాస్త మందంగా ఉండే కాటన్, మంగళగిరి, ఖాదీకి 14. జీన్స్ గుడ్డకి 16. అసలు కుట్టుకి వాడీవాడీ మొద్దుబారిన సూదిని 'కచ్చా కుట్టేగా' అని అలాగే ఉంచేస్తారు చాలామంది. మొద్దు సూది పట్టు పోగును పక్కకు జరపదు, తెంపేస్తుంది. దారం తీసేశాక బొక్కల వరస మిగిలిపోతుంది. కచ్చా కుట్టుకే కొత్త సూది కావాలి.

ఏ గుడ్డకి మెషిన్ కచ్చా వద్దు

వెల్వెట్, ఆర్గంజా, టిష్యూ, నిండా జరీ ఉన్న గుడ్డ, రెక్సిన్, తోలు. వీటికి చేత్తోనే వేయండి, లేదా క్లిప్పులు పెట్టుకోండి. రెక్సిన్‌లో, తోలులో సూది దిగిన బొక్క పూడదు. జరీ తీగకు సూది తగిలితే పైపూత లేచి లోపలి పోగు బయటపడుతుంది. వెల్వెట్‌లో రెండు పొరల నూగూ ఒకదానికొకటి ఎదురై, కచ్చా వేస్తుండగానే పై పొర అర అంగుళం దాకా ముందుకు పోతుంది. దానికి చేత్తో రెండు వరసలు వేసినా తప్పులేదు.

తెలియని గుడ్డ అయితే పరీక్ష చేయండి. మార్జిన్‌లో నుంచి, అంటే కుట్టు గీతకు బయట వదిలే గుడ్డలో నుంచి, తీసిన ముక్క మీద 3 అంగుళాలు కచ్చా వేసి, విప్పి, వెనకవైపు నుంచి లేతగా ఆవిరి పట్టి, కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూడండి. బొక్కలు కనబడకపోతే నిశ్చింతగా మెషిన్ మీద వేయవచ్చు. కనబడితే కచ్చా పూర్తిగా మార్జిన్ లోపలే పడాలి, అసలు కుట్టు గీత దాటి ఒక్క కుట్టు కూడా లోపలికి రాకూడదు.

గీత ఎక్కడ పడాలి

అసలు కుట్టు గీత మీద కచ్చా వేయకండి. అలా వేస్తే అసలు కుట్టు దాని దారాన్ని గుచ్చేస్తుంది, తర్వాత లాగితే రాదు. గీతకు బయట, అంచు వైపు, 3 మిల్లీమీటర్ల దూరంలో వేయండి. అర అంగుళం మార్జిన్ ఉంటే కచ్చా అంచు నుంచి అర అంగుళానికి కాస్త తక్కువలో పడుతుందన్నమాట. మెడ దగ్గర పావు అంగుళమే మార్జిన్ ఉంటుంది కాబట్టి అక్కడ అంచు నుంచి 3 మిల్లీమీటర్లు.

మొదట్లో, చివర్లో రివర్స్ కుట్టు వేయకండి. రెండు కొసల దగ్గరా 2 అంగుళాల దారం వదిలి కత్తిరించండి. మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి వేలితో పట్టుకోండి, లేకపోతే వదులు టెన్షన్‌తో అడుగున దారం ఉండలు కట్టేస్తుంది. గుండుసూదులు కుట్టు గీతకు అడ్డంగా, తలలు కుడివైపు బయటికి వచ్చేలా పెట్టి, మెషిన్ సూది దగ్గరికి రాగానే ఒక్కోటీ తీసేయండి. వాటి మీదుగా కుట్టకండి. వానాకాలంలో పట్టు గుడ్డలో గుండుసూదులు రాత్రంతా ఉంచినా ముప్పే. చవక సూది తుప్పు పట్టి గోధుమరంగు చుక్క వదులుతుంది. పని మధ్యలో ఆపాల్సి వస్తే కచ్చా వేసేసి, సూదులు తీసి పక్కన పెట్టండి.

లైనింగ్ బ్లౌజ్: అసలు పరీక్ష ఇక్కడే

కాటన్ లైనింగ్‌ను రాత్రి నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే ఇస్త్రీ చేయండి. ఈ పని మానేస్తే కచ్చా ఎంత బాగా వేసినా లాభం లేదు. మొదటిసారి ఉతకగానే లైనింగ్ ముడుచుకుని పైన పట్టు బుడగలు లేస్తుంది.

లైనింగ్‌ను కొలతల ప్రకారం కత్తిరించి, గీతలు, టక్స్ (ఒంటికి అమరేలా గుడ్డను మడిచి వేసే కుట్లు) గుర్తులు దాని మీదే పెట్టుకోండి. పట్టు ముక్కను చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉంచి కత్తిరించండి. పట్టు తిరగేసిన వైపు పైకి ఉండేలా బల్ల మీద పరిచి, దాని మీద లైనింగ్ పెట్టి, మధ్య నుంచి అంచుల వైపు అరచేత్తో సర్దండి. రెండింటి నిలువు పోగులూ ఒకే దిక్కున ఉండాలి. ఇప్పుడు గుండుసూదులు కూడా మధ్యలోనే మొదలుపెట్టి అంచులకు రండి.

మెషిన్ కింద పెట్టేటప్పుడు పట్టు కిందికి, లైనింగ్ పైకి. దీనికి కారణం ఉంది. సూది కింది ప్లేటులో ఉన్న పళ్ళు అడుగు పొరను లాక్కుపోతాయి, పైనున్న ఫుట్ పై పొరను అదిమి మీ వైపుకు తోస్తుంది. అందుకే ఎప్పుడూ పై పొరే చివర్లో మిగిలిపోతుంది, కింది పొర కొంచెం లోపలికి కుదించుకుపోతుంది. పట్టు పైన ఉంటే చివర్లో మిగిలినదంతా బుడగగా కనబడుతుంది. కింద ఉంటే ఆ కొంచెం కుదింపుతో పట్టుకి లైనింగ్ మీద వెంట్రుకవాసి వదులు దొరుకుతుంది. అది మంచిదే. వేసుకున్నప్పుడు లాగుడు లైనింగ్ మీద పడాలి, పట్టు మీద పడకూడదు. పట్టు బ్లౌజ్ చంక దగ్గర చిరగడానికి ఎక్కువసార్లు కారణం లైనింగ్ వదులుగానూ పట్టు బిగువుగానూ ఉండటమే.

పళ్ళు పట్టును గీరుతాయనిపిస్తే అడుగున బటర్ పేపర్ పట్టీ పెట్టి కుట్టి, తర్వాత చించేయండి. న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. ఫుట్ ఒత్తిడి తగ్గించే వీలుంటే తగ్గించండి. నల్ల మెషిన్‌లో తలపైన, ఫుట్ కడ్డీకి సరిగ్గా మీదున్న పెద్ద స్క్రూని రెండు చుట్లు వదులు చేస్తే చాలు.

ఇక కుట్టే క్రమం. చాలామంది ఒక మూల మొదలుపెట్టి చుట్టూ ఆపకుండా తిరిగి మళ్ళీ అదే మూలకు వస్తారు. అలా చేయకండి. దారి పొడవునా జరిగిన కొద్దికొద్దీ చివరి మూలలో ఒకచోట పోగై మడత పడుతుంది. ఇలా చేయండి:

1. ముందు టక్స్. ఒక్కో టక్ మధ్య గీత మీద, అంటే గుడ్డ మడిచే గీత మీద, కచ్చా వేయండి. కొన దాటి పావు అంగుళం వెళ్ళి ఆపండి. ఇలా చేస్తే టక్ మడిచినప్పుడు పట్టూ లైనింగూ ఒకే గుడ్డలా మడుస్తాయి. ఈ ఒక్క పని వదిలేసినందుకే లోపల లైనింగ్ టక్ ఒకచోట, పైన పట్టు టక్ ఇంకోచోట పడుతుంది.
2. తర్వాత ఒక పక్క కుట్టు, చంక కింద నుంచి నడుము దాకా. దారం తెంపండి.
3. రెండో పక్క కూడా పైనుంచి కిందికే. ఒకటి పైకి, ఒకటి కిందికి కుడితే ముక్క ఏటవాలుగా మెలి తిరుగుతుంది.
4. షోల్డర్, నడుము అంచు.
5. చిట్టచివర మెడ, చంక రౌండ్.

మెడకీ చంకకీ 4 మిల్లీమీటర్ల కుట్టు వద్దు. ఆ ఒంపుల్లో గుడ్డ ఏటవాలు పోగు మీద ఉంటుంది, పొడుగు కుట్టు దాన్ని సాగకుండా ఆపలేదు. 3 మిల్లీమీటర్లు, మామూలు టెన్షన్ పెట్టి, షోల్డర్ నుంచి మొదలుపెట్టి కిందికి మధ్యకు రండి. రెండో వైపు కూడా షోల్డర్ నుంచే. ఈ కుట్టును విప్పనవసరం లేదు, మార్జిన్‌లోనే ఉండిపోయి మెడ సాగకుండా కాపాడుతుంది.

అంతా అయ్యాక ముక్కను ఎత్తి, నిలువుగా వేలాడదీసి చూడండి. ఉబ్బు ఉంటే ఆ ఒక్క పక్క విప్పి మళ్ళీ వేయండి. బాగుంటే లైనింగ్ అంచు వెంబడి మిగిలిన పట్టును కత్తిరించండి. ఇక అది రెండు పొరల గుడ్డ కాదు, ఒకటే ముక్క.

గద్వాల చీర బ్లౌజ్ ముక్క అయితే ఇంకో జాగ్రత్త. ఒడలు కాటన్, అంచు పట్టు అయిన రకంలో నీళ్ళు తగిలితే రెండూ ఒకేలా ముడుచుకోవు. కచ్చా వేసేముందు ముక్క మొత్తాన్నీ వెనకవైపు నుంచి ఆవిరి పట్టి ఇస్త్రీ చేసి, చల్లారాక కొలిచి అప్పుడు లైనింగ్‌తో కలపండి.

ట్రయల్ కోసం వేసే కచ్చా వేరు

పొరల్ని కలిపి ఉంచే కచ్చాకి బరువు పడదు. ట్రయల్ కచ్చా మీద మనిషి ఊపిరి, చేయి ఎత్తడం, కూర్చోవడం అన్నీ పడతాయి. టెన్షన్ 2 పెట్టి పక్క కుట్టు వేసి తొడిగిస్తే కుట్లు విచ్చుకుని ఒక అంగుళం వదులున్నట్టు చూపిస్తాయి. అది చూసి మీరు లోపలికి తీసుకుంటారు, అసలు కుట్టు వేశాక బ్లౌజ్ పట్టదు. ట్రయల్‌కి టెన్షన్ 3 లేదా 3.5 పెట్టండి, కుట్టు పొడవు 3.5 నుంచి 4. ఇక్కడ కచ్చా సరిగ్గా అసలు గీత మీదే వేయాలి, కొలత చూస్తున్నది దాన్నే కదా. చూడటం అయ్యాక విప్పేసి అసలు కుట్టు వేస్తారు.

చంక మూల దగ్గర కొసలు ఊడిపోకుండా రెండు దారాలూ కలిపి చేత్తో ఒక ముడి వేయండి. హుక్స్ ఇంకా కుట్టి ఉండవు కాబట్టి పట్టీలు ఒకదానిమీద ఒకటి ఎంత ఎక్కాలో అంతే ఎక్కించి సేఫ్టీ పిన్నులు పెట్టండి. లోపల ఏది వేసుకుని బ్లౌజ్ తొడుక్కుంటారో దానితోనే ట్రయల్ చూడాలి. చేతులు పైకెత్తమనండి, ముందుకు చాపి కట్టుకోమనండి, కూర్చోమనండి.

లోపలికి తీయాల్సి వస్తే లెక్క మర్చిపోకండి. ఒక కుట్టును పావు అంగుళం లోపలికి జరిపితే ముందు ముక్కలో పావు, వెనక ముక్కలో పావు కలిపి అర అంగుళం పోతుంది. రెండు పక్కలా తీస్తే మొత్తం చుట్టుకొలతలో 1 అంగుళం తగ్గుతుంది. 'కాస్త లూజుగా ఉంది' అన్న మాటకు రెండు వైపులా అర అంగుళం తీసి 2 అంగుళాలు పోగొట్టుకున్న బ్లౌజులు చాలా ఉంటాయి. పిన్ను పెట్టిన చోట ముందు, వెనక రెండు ముక్కల మీదా చాక్ గుర్తు పెట్టాకే కచ్చా విప్పండి.

లెగ్గింగ్స్, టీషర్ట్ లాంటి సాగే గుడ్డలకు తిన్నటి కచ్చా తొడుగుతుండగానే పటపటా తెగిపోతుంది. జిగ్‌జాగ్ పెట్టి, పొడవు 4, వెడల్పు 2 ఉంచండి.

డిజైన్ కలపడం

పోచంపల్లి ఇకత్‌లో పోగులకు ముందే రంగు అద్ది నేస్తారు కాబట్టి డిజైన్ అంచులు ఈకల్లా మసకగా ఉంటాయి. అంచుకు అంచు కలపాలని చూస్తే పిచ్చెక్కుతుంది. డిజైన్ నడిబొడ్డు పట్టుకోండి. రెండు ముక్కల్లోనూ ప్రతి పువ్వు మధ్యలో, ప్రతి గళ్ళ కూడలిలో ఒక్కో గుండుసూది పై నుంచి కిందికి నిలువుగా దించి, రెండు పొరల్లోనూ ఒకే బిందువులో దిగిందో లేదో అడుగున చూసి, అప్పుడు పక్కన ఇంకో సూది అడ్డంగా పెట్టండి. కచ్చా మెల్లగా, చక్రం చేత్తో తిప్పినంత నెమ్మదిగా వేయండి. కచ్చా అలాగే ఉంచి, ముక్కల్ని తెరిచి చదును చేసి చూడండి. ఎక్కడైనా జరిగితే ఆ రెండు అంగుళాల్లోనే విప్పి సరిచేసుకోవచ్చు. నారాయణపేట గళ్ళ చీరతో కుర్తీ కుట్టేవాళ్ళకీ ఇదే పద్ధతి. గళ్ళు అంచు పదునుగా ఉంటాయి కాబట్టి అందులో ఒక్క పోగు తేడా కూడా దూరం నుంచే తెలుస్తుంది.

జిప్పు, కుచ్చులు

జిప్పుకి: వెనక కుట్టులో జిప్పు వచ్చే భాగం వదిలి మిగతాది 2.5తో కుట్టి రివర్స్ వేయండి. అక్కడి నుంచి పైదాకా అదే గీత మీద కచ్చా వేయండి. మార్జిన్లను రెండు వైపులకూ తెరిచి పరిచి లేతగా ఇస్త్రీ చేయండి. జిప్పు పళ్ళ నడిమి గీత సరిగ్గా కచ్చా గీత మీద బోర్లా పడేలా పెట్టి, జిప్పు ఫుట్‌తో రెండు వైపులా కింది నుంచి పైకి కుట్టండి. చివర్లో కచ్చా విప్పితే జిప్పు తెరుచుకుంటుంది. జిప్పు వంకర రావడమన్నది ఈ పద్ధతిలో దాదాపు ఉండదు.

కుచ్చులకు దారం నియమం తిరగబడుతుంది. ఇక్కడ బాబిన్ దారాన్ని గట్టిగా లాగాలి, మధ్యలో తెగకూడదు. కాబట్టి బాబిన్‌లో గట్టి పాలియెస్టరే వేయండి. అంచు నుంచి పావు అంగుళం దగ్గర ఒక వరస, దానికి 3 మిల్లీమీటర్ల లోపల ఇంకో వరస, పొడవు 4, టెన్షన్ 2. ఒకే వరస వేస్తే కుచ్చులు పక్కకు వాలిపోతాయి. నడుము పట్టీ 24 అంగుళాలుంటే ఫ్రాక్‌కి 48 నుంచి 60 అంగుళాల గుడ్డ సరిపోతుంది. పట్టీనీ గుడ్డనీ నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని, ఒక్కో భాగానికి విడిగా కచ్చా వేసి లాగండి. పొడవంతా ఒకే దారంతో లాగితే తెగినప్పుడు మొత్తం మొదటికొస్తుంది. అసలు కుట్టు వేసేటప్పుడు కుచ్చుల వైపు పైకి ఉంచండి, ఎక్కడ మడత పడుతోందో కంటికి కనబడాలి.

మగ్గం వర్క్‌కి ముందు

హైదరాబాద్‌లో పెళ్ళి బ్లౌజ్ అంటే మగ్గం వర్క్ లేకుండా తక్కువ. మగ్గానికి ఇచ్చేముందు బ్లౌజ్ ముక్కను కత్తిరించకుండా, మెడ, చేతి అంచు, షోల్డర్, పక్క కుట్టు గీతలన్నీ ఒక్క పొర మీద కచ్చాతో గీసి ఇవ్వండి. చాక్ గీత చట్రానికి బిగించి కుట్టే రోజుల్లో చేతుల రాపిడికి చెరిగిపోతుంది. దారపు గీత పైనా కిందా రెండు వైపులా కనబడుతూ చివరిదాకా ఉంటుంది. గీతకు బయట అంగుళంన్నర గుడ్డ వదలండి, వర్క్ బిగువుకు గుడ్డ కొంచెం లోపలికి ముడుచుకుంటుంది. పూసలు, కుందన్లు కుట్టు గీతకు పావు అంగుళం ఇవతలే ఆగాలని పనివారికి స్పష్టంగా చెప్పండి. గీత మీద పూస ఉంటే మెషిన్ సూది విరుగుతుంది, విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. వర్క్ అయ్యి వచ్చాక లైనింగ్ కలిపే కచ్చాకి మామూలు ఫుట్ బదులు జిప్పు ఫుట్ పెట్టండి. అది ఇరుకుగా ఉండి పూసల పక్కనుంచి పోతుంది.

విప్పడం

రిప్పర్‌తో (కుట్లు తెంపే చిన్న పనిముట్టు) పై దారాన్ని 4 అంగుళాలకోసారి తెంపండి. ఎక్కువ దూరం లాగితే రాపిడికి దారం పట్టు పోగుల్ని గుంజుతుంది. గుడ్డ తిప్పి, బాబిన్ దారం కొస పట్టుకుని గుడ్డకు ఆనించినట్టుగా, కుట్టు వెంబడే లాగండి. పైకెత్తి లాగకండి. రాకపోతే బలం పెట్టకండి. ఎక్కడో అసలు కుట్టు దాన్ని గుచ్చి ఉంటుంది, లేదా అలవాటుగా రివర్స్ వేసి ఉంటారు. అది ఎక్కడో వెతికి అక్కడ తెంపండి.

కచ్చా ఉండగా గట్టిగా ఇస్త్రీ చేయకండి, దారం అచ్చు పట్టు మీద పడుతుంది. బొక్కలు కాస్త మిగిలితే వెనకవైపు నుంచి లేత ఆవిరి పట్టి, గోటితో అడ్డంగా, తర్వాత నిలువుగా మెల్లగా రుద్దండి, పోగులు సర్దుకుంటాయి. జరీ మీద ఈ పని చేయకండి.

మెషిన్‌ను మళ్ళీ మామూలు స్థితికి తేవడం మర్చిపోతే అసలు కుట్టు కూడా కచ్చాలాగే పడుతుంది. బయటికి బాగానే కనబడుతుంది, వేసుకుని వంగినప్పుడు కుట్టు పళ్ళికిలించి దారాలు తేలతాయి. కచ్చా మొదలుపెట్టేటప్పుడే ఒక చీటీ మీద 'టెన్షన్ 4, పొడవు 2.5, ఫుట్ ఒత్తిడి' అని రాసి మెషిన్ నుదుటికి అంటించండి. మూడూ వెనక్కి తెచ్చాకే దాన్ని పీకండి. నూలు దారం నూగు వదులుతుంది కాబట్టి బాబిన్ కేసు తీసి లోపల బ్రష్‌తో దులిపి, హుక్ తిరిగే చోట ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ వేసి, చిత్తు గుడ్డ మీద రెండు జానల మేర కుట్టండి. నూనె మరక పడటం ఆగి, కుట్టు రెండు వైపులా ఒకేలా వచ్చాక పట్టు ముక్కను ఫుట్ కింద పెట్టండి.